సంత రోజున మొదలయ్యే జ్వరాలు

ముందు పోయినవాటి లెక్క రాస్తాను. దాలమ్మ నా బల్ల ముందుకు వచ్చేనాటికి పోగొట్టుకున్నవి, పోగొట్టుకోబోతున్నవి ఇవి. ఇరవై ఐదు రోజుల జీతం. ఆ ఇరవై ఐదు రోజుల వల్ల తెగిపోయిన ఏడేళ్ల సర్వీసు. సర్వీసు తెగడం వల్ల పర్మనెంటు చేయాల్సిన వాళ్ల జాబితాలో తన ఆరో నంబరు. దువ్వెనకు ఊడి వచ్చిన జుట్టు. ఒంట్లో నెత్తురు, డాక్టరు గారి మాటల్లో, ఉండాల్సినదాంట్లో సగం. వీటన్నిటికంటే ముందు, ఐదో నెలలో కడుపులోని బిడ్డ.

మా ఆఫీసు ఫైల్లో వీటిలో మొదటి మూడే ఉన్నాయి. తక్కినవి రాయడానికి మా కాగితాల్లో గడులు లేవు.

నేను సాలూరులో పదో తరగతి దాకా చదివి, ఒక కిరాణా కొట్లో పద్దులు రాస్తూ లెక్క నేర్చుకున్నవాణ్ణి. తర్వాత అరకులో, చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలలను చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా చేరాను. సెలవు నియమాలు నాకు ఎవరూ చెప్పలేదు. పాత ఫైళ్లు విప్పి, ఏ సెలవు ఎందుకు ఇచ్చారో ఎందుకు ఇవ్వలేదో చదువుకుంటూ నేర్చుకున్నాను. తొంభైల మొదటి నుంచి రెండు వేల తర్వాత చాలా ఏళ్ల వరకు అదే సీటు. మోకాళ్లు మెట్లెక్కనివ్వకపోతే యాభై రెండేళ్లకే విరమించుకున్నాను. ఇప్పుడు ఆ సీటుకు వచ్చినవాళ్లు ఫోను చేసి ఫలానా రూలు ఎక్కడుందని అడుగుతుంటారు. చెబుతాను. రూలు కాక చెప్పాల్సినది ఫోన్లో కుదరదు. అందుకే ఇది. పేర్లు మార్చాను.

రెండు కాగితాలు

జబ్బు సెలవుకు రెండు కాగితాలు కావాలి. ఫలానా మనిషికి ఫలానా జబ్బు, ఈ తేదీ నుంచి ఇన్ని రోజులు విశ్రాంతి అవసరం అని డాక్టరు రాసి ఇచ్చేది మొదటిది. నయమైంది, పనిలో చేరవచ్చు అని రాసి ఇచ్చేది రెండోది. ఆ రెండు తేదీల మధ్య ఉన్నన్నాళ్లూ ప్రభుత్వం దృష్టిలో మనిషి రోగి. ఆ తేదీలకు బయట ఎంత మూలిగినా ఆరోగ్యవంతుడే.

మైదానంలో ఇది పెద్ద విషయం కాదు. ఉదయం జ్వరం వస్తే సాయంత్రానికి డాక్టరు దొరుకుతాడు. మా దగ్గర డుంబ్రిగుడ దాటి లోపలికి వెళ్లాక ఒక ఆరోగ్య కేంద్రం ఉండేది. దాని ఎదుటే బుధవారం సంత. లోపలి గూడేల నుంచి జీపులు ఆ బుధవారం మాత్రమే నడిచేవి. తక్కిన ఆరు రోజులూ కాళ్లే జీపులు. చలి జ్వరంతో వణుకుతున్నవాడు రెండు కొండలు దిగి, గెడ్డ, అంటే కొండవాగు, దాటి, మళ్లీ ఎక్కి డాక్టరు దగ్గరికి రాలేడు. బుధవారం దాకా దుప్పటి కప్పుకుని పడుకుని, ఆ రోజు పసుపు బస్తాల మీద కూర్చుని జీపులో వచ్చేవాడు. డాక్టరు తను చూసిన తేదీ వేసేవాడు. అలా మా ఫైళ్లలో జబ్బులన్నీ బుధవారం మొదలయ్యేవి.

నేను కొత్తగా ఉన్నప్పుడు ఆడిట్‌కు వచ్చిన ఒక పెద్దాయన ఈ సర్టిఫికెట్లన్నీ వరసగా తిప్పి, కళ్లజోడు తీసి, “ఏమండీ, మీ ఏజెన్సీలో దోమలు బుధవారమే కుడతాయా?” అని అడిగాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత సంత గురించి, జీపుల గురించి చెప్పాను. ఆయన విని, “ఇది మీ ఫైల్లో ఎక్కడా లేదు కదండీ” అన్నాడు. నిజమే, లేదు.

జ్వరం వచ్చిన రోజుకూ బుధవారానికీ మధ్య పడే ఖాళీని ఎలాగోలా పూడ్చేవాళ్లం. క్యాజువల్ లీవు ఉంటే అది. అది అయిపోతే హెడ్మాస్టరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. రూలు ప్రకారం అది సరి కాదు. కాని అలా నడిచింది.

పచ్చకామెర్లు

ఇక రెండో రకం సర్టిఫికెట్లు. మైదానం నుంచి వచ్చి పనిచేసే టీచర్లలో కొందరికి వేసవి సెలవులు ముగిసే రోజున పచ్చకామెర్లు వచ్చేవి. ఈ జబ్బునే ఎందుకు ఎంచుకునేవారంటే, మూడు వారాలు విశ్రాంతి రాసినా ఎవరూ ప్రశ్నించరు, చూడటానికి వెళ్లినవాడు కూడా దూరంగా నిలబడి వచ్చేస్తాడు. సర్టిఫికెట్ తమ ఊరి పక్కన పట్నంలో ఏదో క్లినిక్కు నుంచి వచ్చేది. తెల్లటి కాగితం, చక్కటి టైపు, గుండ్రటి సీలు. స్కూలు తెరిచిన రోజున మొదలై తర్వాతి పండగ సెలవుల ముందు రోజుతో ముగిసేది.

ఒక లెక్కల మాస్టారికి రెండేళ్లలో ఇవి మూడుసార్లు వచ్చాయి. మూడోసారి చేరడానికి వచ్చినప్పుడు, “మాస్టారూ, కళ్లు మల్లెపూలలా ఉన్నాయి” అన్నాను.

“మందు అలాంటిదండి” అన్నాడాయన, ఏమాత్రం తడుముకోకుండా.

పాస్ చేశాను. చేయక తప్పదు. కాగితంలో లోపం లేదు, గుమస్తాకు కాలేయం కనపడదు. అయితే ఇన్నేళ్లలో ఒకటి గమనించాను. దొంగ సర్టిఫికెట్‌లో ఎప్పుడూ ఒక్క రోజు కూడా ఖాళీ ఉండదు. నిజంగా పడిపోయినవాడికి ఆ ముందు రోజులకు కాగితం ఉండదు, ఎందుకంటే ఆ రోజుల్లో వాడు కాగితం గురించి ఆలోచించే స్థితిలో లేడు.

తొంభైల చివర్లో మాకు ఒక కొత్త ఆఫీసరు వచ్చాడు. నిజాయితీపరుడు, కోపిష్ఠి, పని తెలిసినవాడు. వచ్చిన నెలలోనే ఈ పచ్చకామెర్ల సంగతి పట్టుకున్నాడు. ఒక సర్క్యులర్ ఇచ్చాడు: గైర్హాజరు ఏ రోజు మొదలైతే సర్టిఫికెట్ ఆ రోజు నుంచే ఉండాలి. లేనిదాన్ని అనధికార గైర్హాజరుగా లెక్కించి, సర్వీసులో బ్రేకు రాయాలి.

ఆ సర్క్యులర్‌లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాని దాని ఫలితం మాత్రం చెప్పాలి. పచ్చకామెర్లు ఒక్కటి కూడా తగ్గలేదు, వాళ్ల కాగితాలు మొదటి రోజు నుంచే ఉండేవి కదా. ఆ సర్క్యులర్‌కు దొరికినవాళ్లంతా లోపలి గూడేల వంటవాళ్లు, వాచ్‌మన్లు, అటెండర్లు. బుధవారం దాకా ఆగినవాళ్లు.

పొయ్యి మీద పప్పు

దాలమ్మ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో వంటమనిషి. ముప్పై ఏళ్లు ఉంటాయి. ఇంకొకామెతో కలిసి హాస్టల్లో పిల్లలందరికీ రెండు పూటలా వండేది. తాత్కాలికంగా వేసినా నెల జీతం మీద ఉన్న మనిషి. ఆమె ఊరు గెడ్డకు అవతల. శుక్రవారం సాయంత్రం ఒళ్లు కాలిపోతోందని ఇంటికి వెళ్లింది. శనివారం నుంచి పనిలో లేదు. ముప్పై మూడు రోజుల తర్వాత, ఒక గురువారం, మళ్లీ చేరింది. తెచ్చిన సర్టిఫికెట్ చివరి ఎనిమిది రోజులకే ఉంది. అది కూడా బుధవారమే మొదలైంది.

నడుము దగ్గర దోపుకున్న ప్లాస్టిక్ కవరులోంచి ఆ కాగితాలు తీసి నా బల్ల మీద పెట్టింది. కళ్ల కింద చర్మం పాలిపోయి ఉంది.

“దాలమ్మా, ముందు ఇరవై ఐదు రోజులకి కాగితమేది?” అన్నాను.

“జొరం బాబూ.”

“జ్వరమని రాసుంది. మధ్యలో మూడు సంతలు అయిపోయాయి కదా. ఒక్క సంతకైనా డాక్టరు దగ్గరికి రాలేకపోయావా?”

“గెడ్డ దాటకూడదు.”

“గెడ్డ పొంగిందా?”

“పొంగనేదు.”

“మరి?”

ఆమె గుమ్మం వైపు చూసింది. “దిసారి దాటొద్దన్నాడు. నా సేత్తో పిల్లలకి కూడెట్టొద్దన్నాడు. ఎడితే పిల్లలకి తగులుద్ది.”

దిసారి అంటే వాళ్ల ఊరి వైద్యుడు, మంచిరోజు చూసేవాడు, కీడు తీసేవాడు, అన్నీ. పక్క బల్ల నుంచి మా సూపరింటెండెంటు గారు తలెత్తాడు. “సత్యం గారూ, దిసారి గారి సీలుందేమో చూడండి. ఉంటే పాస్ చేసేద్దాం.”

గదిలో ఐదారుగురం ఉన్నాం. నవ్వు లేచింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక దాలమ్మ కూడా కాస్త నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆపేసింది.

ఆమెకు పరిస్థితి విడమరిచి చెప్పాను. ఆ నెలాఖరుకు తాత్కాలిక వంటవాళ్లను పర్మనెంటు చేసే జాబితా పైకి వెళ్తోంది. ఎక్కడా తెగకుండా సర్వీసు ఉన్నవాళ్ల పేర్లే అందులో ఉంటాయి. ఈ ఇరవై ఐదు రోజులకు కాగితం లేకపోతే బ్రేకు రాయాలి. రాస్తే ఆమె పేరు కొట్టేస్తారు. ఏడేళ్లు వండింది లెక్కలోకి రాదు. ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో నేను చెప్పలేను.

అన్నీ విని, “మీకు తోసింది రాసీండి బాబూ. నాను బేగి పోవాల. పొయ్యి మీద పప్పెట్టొచ్చినాను” అని లేచింది.

సన్యాసమ్మ అడిగితే

మా ఆఫీసులో అటెండరు సన్యాసమ్మది దాలమ్మ పక్క ఊరు. నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఫైళ్లు మోస్తూ అందరినీ తిట్టేది, అందరూ ఆమె టీ తాగేవాళ్లు. దాలమ్మ వెనకే పరుగెత్తి బస్టాండు దాకా వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చింది. గదిలో ఎవరూ లేకుండా చూసి నా బల్ల దగ్గర నేల మీద కూర్చుంది.

“గుమస్తా బాబూ, ఆ గుంట మీకు సెప్పదు. మొగోళ్లకి సెప్పీ మాట కాదు” అంది. ఆ వైపు గుంట అంటే ఆడపిల్ల.

“నీకు చెప్పిందా?”

“నేనూ మొదట తిట్టాను. ఏటే, ఉజ్జోగం కాడ మొండికెత్తావేటే అని. అప్పుడు సెప్పింది.”

చెప్పినది ఇది. మలేరియా ముదిరి, పనిలోకి రాని రెండో రోజు రాత్రి కడుపు పోయింది. వాళ్ల ఊళ్లో అలా జరిగిన మనిషి ఊరి చివర వేరే పాకలో ఉండాలి. అత్త అన్నం తెచ్చి పెడుతుంది. మళ్లీ నెలవంక కనపడేదాకా గెడ్డ దాటకూడదు, పరాయి వాళ్ల పొయ్యి ముట్టకూడదు. నెలవంక చూశాక దిసారి పసుపు నీళ్లు చల్లి ఊళ్లోకి రానిస్తాడు. ఆ తర్వాతి సంతకే దాలమ్మ డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయనకు జ్వరమని మాత్రమే చెప్పింది. కడుపు పోవడం దిసారి చూడాల్సిన సంగతి, జ్వరం డాక్టరు చూడాల్సిన సంగతి. దేనికి ఎవరో వాళ్ల దగ్గరికే వెళ్లింది ఆమె. మేం అడిగే కాగితం ఆ రెండింటికీ ఒకేచోట ఉండాలన్నది ఆమెకు తోచని విషయం.

“అయితే ఇంకేం, ఆ మాటే డాక్టరు చేత రాయిద్దాం” అన్నాను.

“అదే ఒద్దంతంది. కాగితం మీద ఎక్కితే ఈ గదిలో పెతీవోడూ సదువుతాడు. ఇందాకలాగే నవ్వుతారు. ఉజ్జోగం పోతే పోనీ గానీ ఆ మాట ఇక్కడ ఒద్దంతంది.”

సన్యాసమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, “మీరూ నవ్వినారా?” అని అడిగింది.

“లేదు.”

“మరి ఆళ్లని ఊరుకోమనీ అన్నేదు” అని లేచి గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది.

చూడనిది రాయనన్న డాక్టరు

దాలమ్మను ఒప్పించింది సన్యాసమ్మే. ఎలా ఒప్పించిందో నాకు తెలియదు. ఒక షరతు మాత్రం పెట్టింది దాలమ్మ: ఆ కాగితం పెద్ద ఆఫీసరు ఒక్కడే చదవాలి. బుధవారం ముగ్గురం ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం.

డాక్టరు గారు చిన్నవాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. దాలమ్మను గుర్తుపట్టాడు. “ఆ రోజు అడిగాను కదమ్మా, ఇంత రక్తం ఎలా పోయిందని? జ్వరమే అన్నావు.” నర్సు లోపలికి తీసుకెళ్లి పరీక్ష చేసింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. సంతలో మేకలు అరుస్తున్నాయి.

తర్వాత ఆయన నన్ను పిలిచాడు. “జరిగిందని రాస్తాను. దాని లక్షణాలు ఇంకా ఉన్నాయి. ఎప్పుడు జరిగిందో రాయలేను. నేను చూడలేదు.”

“సుమారుగా అయినా?”

“సుమారు అంటే నెలకూ రెండు నెలలకూ మధ్య. అలా రాయమంటే రాస్తా. తేదీ వేయమంటే మాత్రం, సత్యం గారూ, నాకూ పచ్చకామెర్లు రాసేవాళ్లకూ తేడా ఏముంటుంది?”

ఆయన చెప్పినది సరైనదే, కానీ అది సరైనది కావడమే మాకు ఇబ్బంది. ఆయన రాసి, మడిచి, కవరులో పెట్టి అంటించి, పైన ఆఫీసరు పేరు రాశాడు. మేం లేచాక గుర్తొచ్చినట్టు అన్నాడు:

“అవునూ, మీరు దీన్ని మామూలు మెడికల్ లీవు కింద ఎందుకు చూస్తున్నారు? దీనికి వేరే సెలవుంది. ఆరు వారాలు. కిందటేడు మా నర్సుకి ఇచ్చాం.”

ఆఫీసుకు వెళ్లి పుస్తకం తీశాను. ఉంది. ప్రసూతి సెలవు నియమాల కింద రెండే వాక్యాలు. తాత్కాలిక ఉద్యోగినికి కూడా వర్తిస్తుంది. నలభై రెండు రోజులు, పూర్తి జీతం, ఆమె సెలవుల ఖాతాలో ఒక్క రోజు కూడా తరగదు. మా కింద ఉన్న వంటవాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లే. నేను ఆ సీటులో ఉన్నంతకాలం అప్పటిదాకా ఆ సెలవు కోసం ఒక్క దరఖాస్తు కూడా రాలేదు. రాలేదంటే ఎవరికీ అలా జరగలేదని కాదు కదా.

దిసారి సాక్ష్యం

ఆఫీసరు గారు కవరు చింపి, చదివి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.

“తేదీ లేదు.”

“లేదండి.”

“తేదీ లేకపోతే ఆమె రాకుండా ఉన్న రోజులకూ దీనికీ సంబంధం ఎలా తేలుస్తారు? రేపు ఇంకొకరు ఇలాంటిదే తెస్తే ఏం చెబుతాను?” కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. “ఎవరు చూశారు?”

“అత్తగారండి. దిసారి.”

“అత్తగారు ఇంటి మనిషి. ఆ రెండో ఆయన్ని పిలిపించండి.”

జాబితా శుక్రవారం వెళ్లాలి. దిసారి గురువారం మధ్యాహ్నం వచ్చాడు. బక్కపలచని ముసలాయన, చంకలో గొడుగు. లోపల కుర్చీ వేస్తే కూర్చోనన్నాడు. వరండా చివర మెట్టు మీద కూర్చున్నాడు. ఆఫీసరు గారే బయటికి వచ్చి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. నేను, సన్యాసమ్మ తప్ప ఎవరినీ ఉండనివ్వలేదు. ముసలాయన తెలుగులో మొదలుపెట్టి, తెలియకుండానే ఆదివాసీ ఒరియాలోకి జారిపోయేవాడు. సన్యాసమ్మ మళ్లీ తెలుగులోకి తెచ్చేది.

“ఎప్పుడు జరిగింది?” అన్నాడు ఆఫీసరు గారు.

“సగం సెంద్రుడు దాటిన మూడో రోజు. రేత్రి.”

“ఏ నెలలో సగం చంద్రుడు?”

“ఆ ఎనకాల సంతకి ఉప్పు రానేదు. ఘాటీలో బండ పడిపోనాది.”

ఘాట్ రోడ్డు మీద బండ పడిన బుధవారం నాకు బాగా గుర్తుంది. ఆ రోజు మా జీతాల బిల్లులు కూడా కిందికి వెళ్లలేదు. తిథులున్న క్యాలెండరు తెచ్చి చూపించాను. దానికి ముందు వచ్చిన ఆదివారం శుద్ధ ఏకాదశి, అష్టమి దాటిన మూడో రోజు. దాలమ్మ పనిలోకి రాని రెండో రోజు.

ఆఫీసరు గారు క్యాలెండరు తన చేతిలోకి తీసుకున్నాడు. వేలితో గడులు జరుపుకుంటూ పోయాడు. ఆయన ఎక్కడ ఆగుతాడో నాకు తెలుసు, అక్కడే ఆగాడు.

“నెలవంక ఆదివారం కనపడాలి. ఈ కాగితం ప్రకారం ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లింది బుధవారం. మధ్యలో రెండు రోజులు ఎందుకు ఉంచావు?”

“మబ్బు” అన్నాడు దిసారి.

“మబ్బయితే ఏముంది? రోజులు లెక్కే కదా. కనపడకపోయినా నెలవంక వచ్చే ఉంటుంది. వదిలేయొచ్చుగా?”

సన్యాసమ్మ అది ఆయన భాషలోకి మార్చి చెప్పింది. ముసలాయన ఆమె వైపు చూసి, నువ్వు సరిగ్గానే చెప్పావా అన్నట్టు మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది. అప్పుడు ఆఫీసరు వైపు తిరిగి తెలుగులోనే అన్నాడు:

“సూడకుండా సూసినానని ఎలగ సెప్పీది బాబూ? ఆదివారం సూసినాను, మబ్బు. సోమారం సూసినాను, మబ్బు. మంగళారం పొద్దు గూకినాక ఇంత కనపడినాది. ఆ గుంట ఏడిసింది, ఉజ్జోగం పోద్ది తాతా, ఇడిసీ అని. నాను సూడనేదు, ఎలగ ఇడిసీది?”

ఆఫీసరు గారు క్యాలెండరు మూసి నా చేతికిచ్చాడు.

“డాక్టరు గారు కూడా ఇదే అన్నారన్నారు కదూ?”

“అవునండి. చూడనిది రాయనన్నారు.”

“ఆ రెండు రోజుల తేడా దాచని మనిషి ఇంకో తేదీ కల్పించడు. ఈయన చెప్పింది రాసి వేలిముద్ర తీసుకోండి. తేదీ నేను ఒప్పుకుంటున్నాను.”

దిసారి వేలికి అంటిన సిరా మెట్టుకు తుడుచుకుంటూ, “ఆ గుంట ఉజ్జోగం ఉంటాదా?” అని అడిగాడు.

“ఉంటుంది.”

“అయితే టీ ఇప్పించండి. గెడ్డ దాటొచ్చినాను.”

సన్యాసమ్మ అప్పటికే లేచింది. “ఓయ్ తాతా, అదేదో నన్నడుగు. ఆయన్నడిగితే ఇప్పుడు దానికీ కాగితం రాయమంతాడు” అంది. ఆఫీసరు గారు నవ్వడం నేను చూసింది ఆ రోజే.

సంఖ్య మాత్రమే

ఆర్డరు నేనే రాశాను. ముప్పై మూడు రోజులూ ఫలానా నియమం కింద మంజూరు అని, నియమం సంఖ్య మాత్రం వేశాను. ఏ సెలవో, ఎందుకో మాటల్లో రాయలేదు. సంతకానికి వెళ్లే దారిలో సూపరింటెండెంటు గారు ఆపి, “ఇదేం రూలు సత్యం గారూ?” అన్నాడు.

“నంబరు వేశాను కదండీ. పుస్తకం బీరువాలో ఉంది.”

బీరువా ఆయన కుర్చీకి నాలుగడుగుల దూరం. ఆయన లేవలేదు. నేను ఉన్నన్నాళ్లూ లేవలేదు.

శుక్రవారం జాబితా వెళ్లింది. ఆరో నంబరు అలాగే ఉంది. తర్వాత కొన్ని నెలలకు ఆమె పర్మనెంటు అయింది.

ఆఫీసరు గారు తన సర్క్యులర్‌ను వెనక్కి తీసుకోలేదు. దానికి ఒక పేరా కలిపాడు: లోపలి గూడేల సిబ్బంది విషయంలో మొదటి రోజు నుంచి సంత రోజు దాకా పడే ఖాళీని విచారించిన తర్వాతే నిర్ణయించాలి. “నేను రాసింది తప్పు కాదు, చాలలేదు” అన్నాడు నాతో. చాలామంది ఆఫీసర్ల దగ్గర పనిచేశాను, ఆ రెండో మాట అన్నవాళ్లు తక్కువ. పచ్చకామెర్లను ఆయనా ఆపలేకపోయాడు. లెక్కల మాస్టారు ఆ తర్వాత కూడా ఒకసారి కామెర్లు తెచ్చుకున్నాడు.

ఈ సీటులోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది పెద్దదేం కాదు. ఖాళీ ఉన్న సర్టిఫికెట్ వస్తే మెమో తర్వాత రాయండి. ఆ మనిషిని ఎవరు అడిగితే చెబుతుందో ముందు చూడండి. ఆ అడిగేది మీరే కానక్కర్లేదు. మా ఆఫీసులో అలా అడగగలిగిన మనిషి టీ గ్లాసులు కడిగేది. అడిగేటప్పుడు గదిలో ఎవరున్నారో కూడా చూసుకోండి.

ఇది రాసే ముందు దాలమ్మను అడగడానికి ఆ హాస్టల్‌కు వెళ్లాను. ఇప్పటికీ అక్కడే వండుతోంది. కాస్త లావయింది. పదేళ్ల కూతురు ఉంది. ఆ పిల్ల పుట్టినప్పుడు సెలవు దరఖాస్తు తనే తెచ్చి, ఎవరూ అడక్కుండానే నా బల్ల మీద పెట్టి వెళ్లింది. ఇదంతా రాయనా అని ఇప్పుడు అడిగితే గుండిగలో గరిటె తిప్పుతూ, “రాసుకో బాబూ. ఆ గదిలో నవ్వినోళ్లంతా రిటేరైపోనారు” అంది.

“ఇంకో మాట దాలమ్మా. అప్పుడు నీకు నలభై రెండు రోజులు రావాలి. నువ్వు ముందే వచ్చేశావు.”

“అయితే ఇప్పుడిత్తారా?”

“ఇవ్వరు. పనిచేసిన రోజులకి సెలవు రాయడం కుదరదు.”

“మరెందుకు సెప్పినావు?” అని గట్టిగా నవ్వింది. గరిటె ఆపి, “మళ్లీ సేరిన రెండో రోజు గంజి వారుస్తుంటే కళ్లు తిరిగినాయి. బడి గుంటలు పట్టుకున్నారు” అంది. మళ్లీ గరిటె తిప్పింది.

అప్పుడు తోటి వంటమనిషి సెలవు మీద ఉంది. పిల్లలందరి అన్నం దాలమ్మ ఒక్కతే దించింది, సగం నెత్తురుతో, పడుకుని ఉండాల్సిన రోజుల్లో. సర్వీసు రిజిస్టరులో ఆ రోజులకు ఎదురుగా డ్యూటీ అని నా చేతిరాతే ఉంది, అది నిజమే. నలభై రెండులో ముప్పై మూడు మంజూరయ్యాయి. మిగిలిన తొమ్మిది రోజుల విశ్రాంతి ఆమెకు ఈనాటికీ బాకీ.